స్టీరింగుకి ఎర్రగుడ్డ

సోమవారం

గేరుబాక్సులో ఆయిల్ ఎంత పోయాలి అని ఈ రోజు నాన్న నన్ను అడిగాడు.

మామూలుగానే అడిగాడు. షెడ్డులో బండి కింద గొయ్యిలోంచి తల పైకెత్తి, "దీనికెంత పోయాలే?" అన్నాడు. నేను పకపకా నవ్వాను. ఆ ప్రశ్న ఎవరడిగినా ఏడిపించుకు తినే మనిషి కదా. మొన్నటికి మొన్న టైలరు తన కారు పుస్తకం పట్టుకొచ్చాడు. ఇందులో రాసినన్ని లీటర్లూ కొనుక్కొచ్చానని డబ్బాలన్నీ బల్లమీద పేర్చాడు. నాన్న ఊరుకుంటాడా? "ఆ లెక్క వట్టి బాక్సుకయ్యా. బోల్టు విప్పితే సగమే కారుతుంది. మిగతా సగం లోపల డొప్పలో దాక్కుంటుంది. ఎంత కారిందో కొలిచి అంతే పోయాలి. పుస్తకం చూసి పోశావనుకో, సబ్బునీళ్ళు చిలికినట్టు చిలికి నురగ చేసి పెడుతుంది. నురగమీద బండి నడవదు. నువ్వు చొక్కా కుట్టేటప్పుడు మనిషి కొలత తీసుకుంటావా, పుస్తకం చూస్తావా?" అన్నాడు. టైలరు కూడా నవ్వేశాడు.

ఈ రోజు నేను నవ్వితే నాన్న నవ్వలేదు. జవాబు కోసం అలాగే చూస్తున్నాడు.

"ఎంత కారిందో అంతే, నాన్నా."

"ఊఁ" అని కిందికి వంగాడు.

అలసట. ఎండలు కూడా అలాగే ఉన్నాయి.

బుధవారం

ఎండలే.

శుక్రవారం

టాక్సీ అబ్బాయి కారు స్టీరింగుకి ఎర్రగుడ్డ లేదు. పని అయిపోయిందనుకుని తాళం తిప్పబోయి, ఎందుకో ఆగాను. బాక్సులో ఆయిల్ మట్టం చూసే స్టిక్కు లాగితే పొడిగా వచ్చింది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా షెడ్డులో ఆ గుడ్డ మాటే చెల్లుతుంది. అమ్మ పాత దుప్పటి ముక్క అది. గేరుబాక్సు విప్పగానే నాన్న దాన్ని స్టీరింగుకి ముడేస్తాడు. ఆయిల్ పోసి, ఇంజను వేడెక్కించి, అది నడుస్తుండగానే స్టిక్కు తీసి చూసి, గీత దగ్గర ఉందనుకున్నాకే విప్పి గోడమేకుకి తగిలిస్తాడు. గుడ్డ ఉన్న బండి తాళం ఎవరూ ముట్టుకోకూడదు. ముడి వేసినవాడే విప్పాలి. చిన్నప్పుడు ఆటలో విప్పినందుకు, నాన్న చేతిలో ఒకే ఒక్క దెబ్బ తిన్నాను.

ఈ రోజు గుడ్డ మేకుకి ఉంది, బాక్సులో ఆయిల్ లేదు. నాన్న గుమ్మం దగ్గర కూర్చుని టాక్సీ అబ్బాయి మీసాల మీద జోకులేస్తున్నాడు. నేను ట్రేలో పాత ఆయిల్ కొలిచి, అంత కొత్తది పోసి, వేడెక్కించి, చూసి, చేతులు కడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది?

ఆదివారం

అక్క ఫోను.

"డాక్టరు చెప్పింది విన్నావు కదే. ఇవాళ పేర్లు మర్చిపోతాడు, రేపు పని మర్చిపోతాడు. నువ్వు నాకు మాటిచ్చావు. ఒక్క బండి తేడాగా బయటికెళ్ళిందా, షెడ్డుకి తాళం, నాన్న మా ఇంటికి."

"ఇచ్చాన్లే."

"ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదు."

అబద్ధం కాదు. బయటికి వెళ్ళలేదుగా.

క్రితంసారి నాన్న అక్కవాళ్ళింట్లో కొన్నాళ్ళు ఉన్నాడు. నేను చూడ్డానికి వెళ్తే, సోఫాలో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరో దింపి మర్చిపోయిన సామాను లాగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టీవీ మోగుతోంది, చూడటం లేదు. అక్క తప్పేం లేదు, వేళకి తిండి, మందులు అన్నీ చూసింది. కానీ తిరిగొచ్చి షెడ్డు షట్టరు ఎత్తినప్పుడు వెలిగిన ఆ మొహం అక్క చూడలేదు. ఆ చేతుల్లోంచి పానా లాక్కుంటే ఇక నాన్న మిగలడు. నేనుండగా అది జరగనివ్వను.

గురువారం

ఇప్పుడొక పద్ధతి కుదిరింది. నాన్న భోజనానికి ఇంట్లోకి వెళ్ళగానే నేను బళ్ళన్నీ ఒక చుట్టు చుట్టి వస్తాను. బోల్టు వదులుగా ఉంటే బిగిస్తాను. వైరు మర్చిపోతే తగిలిస్తాను. గుడ్డ విప్పి ఉన్నా స్టిక్కు చూస్తాను. గుడ్డ కట్టి ఉండి బాక్సు ఎండి ఉంటే పోస్తాను. మా షెడ్డులో నేనే దొంగలా తిరుగుతున్నాను. ఆయనకి తెలియదు.

"పదో నంబరూ!" అని సాయంత్రం పిలిచాడు. చిన్నప్పుడు ఏ పానా అడిగినా పదో నంబరే అందించేదాన్నని నాకా పేరు. నా అసలు పేరు కోసం పోయినవారం కాసేపు వెతుక్కున్నాడు గానీ, ఇది మాత్రం పోలేదు.

"ఈమధ్య నా చేతికి మళ్ళీ వాటం వచ్చిందే. ఒక్క బండి కూడా తిరిగి రాలేదు" అన్నాడు.

"నీ చేతికేం నాన్నా" అన్నాను.

మంగళవారం

ఈ వారం గుడ్డ కట్టి వదిలేసినవే ఎక్కువ. విప్పాడు, కారబోశాడు, కట్టాడు, అక్కడితో మనసు ఎటో పోయింది. పోశాను. పోశాను. ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా పోయగలను.

బుధవారం

నర్సమ్మ కారు వచ్చింది.

ఇంటింటికీ తిరిగి పురుళ్ళు పోసే మనిషి. ఈ పేటలో సగంమందిని భూమ్మీదికి లాగింది తనేనని గొప్పలు పోతుంది. ఆ సగంలో నేనూ ఉన్నాను. అమ్మ మంచాన పడినప్పుడు రోజూ వచ్చి, సూది వేసి, వీపు తుడిచి, తల దువ్వి వెళ్ళేది.

"మేస్త్రిగారూ, ఎత్తు ఎక్కేటప్పుడు నాలాగే మూలుగుతోంది" అంది.

"మీ మూలుగు నేను బాగుచెయ్యలేను గానీ, దీని సంగతి చూస్తాను" అన్నాడు నాన్న. ఆయిల్ మార్చాలని తేల్చాడు. ఆవిడ వెళ్ళాక నావైపు తిరిగాడు. "దీన్ని నేనొక్కణ్ణే చేస్తాను. నువ్వు చెయ్యి పెట్టకు."

ఎందుకన్నాడో తెలియదు. గొంతు మాత్రం పాత మేస్త్రి గొంతు.

గురువారం, మధ్యాహ్నం

పొద్దున షెడ్డు తీసేసరికి నర్సమ్మ కారుకి గుడ్డ కట్టే ఉంది. పక్కన ట్రేలో పాత ఆయిల్. నాన్న టీ తెస్తానని వెళ్ళాడు. అంతలో నర్సమ్మ ఫోను. ఎత్తు వీధిలో ఒకావిడకి నొప్పులు మొదలయ్యాయి, వస్తున్నాను, కారు సిద్ధంగా పెట్టు అని.

నిన్నంతా దాని చుట్టూనే తిరిగాడు. చివరికి పోయడం మర్చిపోయాడన్నమాట. స్టిక్కు తీసి చూశాను. పొడిగా ఉంది. డ్రమ్ములోంచి కొలిచి పోశాను. గరాటు పక్కన పెట్టేలోపే నర్సమ్మ సంచీతో లోపలికొచ్చింది. ఇంజను వేడెక్కేదాకా ఆగమంటే, "బిడ్డ ఆగుతుందటే?" అంది. గుడ్డ విప్పి జేబులో పెట్టుకుని తాళం ఇచ్చాను.

నాన్న టీ గ్లాసులతో వచ్చి, ఖాళీ చోటు చూసి నిలబడిపోయాడు.

"బండేదే?"

"తీసుకెళ్ళింది. తొందరట."

"వేడిమీద చూడలేదే ఇంకా" అన్నాడు.

ఫోను చేద్దామని తీశాను. చేసి ఏమని చెప్పను? నాన్న ఏదో అంటాడు. ఈమధ్య ఆయన మాటలకి పొంతన ఉండటం లేదు. స్టిక్కు పొడిగానే ఉంది. టీ చల్లారిపోయింది.

గురువారం, సాయంత్రం

ఎత్తురోడ్డు మీద నర్సమ్మ కారు ఆగిపోయిందట.

శనివారం

కారు సగం ఎత్తు ఎక్కి లాగడం మానేసింది. ఇంజను అరుస్తోంది గానీ చక్రాలు తిరగలేదు. కిందనుంచి పొగ. ఆవిడ హ్యాండ్‌బ్రేకు లాగి, దిగి, వెనక్కి వచ్చి వంగి చూసింది. మలుపు తిరిగిన వ్యాను ఆపుకోలేకపోయింది. రెండు బళ్ళ మధ్య ఎడమకాలు పడింది. మోకాలి కిందనుంచి తీసేశారు.

ఎత్తు వీధికి వేరే ఎవరో వెళ్ళారట. బిడ్డ క్షేమం. ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటున్నాను. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం.

మంగళవారం

బీమా ఇన్‌స్పెక్టరు ఆ గేరుబాక్సు విప్పించాడట. నురగై బయటికి చిమ్మి పొగగొట్టం మీద కాలిపోయిన ఆయిల్ పోను, ఉండాల్సినదాని కంటే ఇంకా చాలా ఎక్కువే కారిందట.

"ఒకసారి పోసి, మర్చిపోయి మళ్ళీ పోసినట్టున్నారు. మీకు మతిమరుపు ఉందటగా పెద్దాయనా?" షెడ్డుకొచ్చి మర్యాదగానే అడిగాడు.

నాన్న బెంచీ మీంచి లేచి చేతులు కట్టుకున్నాడు. మా నాన్న ఎవరి ముందూ చేతులు కట్టుకోగా నేను చూడలేదు. "నేనే పోసుంటాను సార్. గుర్తులేదు."

ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

గురువారం

అక్క వచ్చి షెడ్డుకి తాళం వేసింది. నెలాఖరుకి నాన్నని తీసుకెళ్తుంది. తిట్టలేదు. "నువ్వైనా ఓ కంట కనిపెట్టి ఉండాల్సింది కదే" అని ఏడ్చింది. కనిపెట్టే ఉన్నానే అక్కా.

శుక్రవారం

స్టిక్కు చూశానా? చూశాను. చూసే ఉంటాను. చూడకుండా ఎవరైనా పోస్తారా?

ఆదివారం

పొద్దున లేచి నాన్న షెడ్డు దగ్గరికెళ్ళి, తాళం చూసి, "ఇదేంటే?" అంటాడు. చెప్పాలి. నర్సమ్మ కారు, రెండుసార్లు ఆయిల్, కాలు. మొదటిసారి విన్నట్టే వింటాడు. గోడ పట్టుకుంటాడు. "నేనా? నా చేత్తోనా?" అని అరచేతులు తిప్పి చూసుకుంటాడు. నిన్న చూసుకున్నాడు. మొన్న చూసుకున్నాడు. ఈ రోజు చూసుకున్నాడు.

రేపటినుంచి నేను చెప్పను. కానీ వీధిలోకి వెళ్తే ఎవరో ఒకరు చెప్తారు.

మంగళవారం

నాన్న మధ్యాహ్నాలు ఎటు పోతున్నాడో తెలిసింది. ఆసుపత్రికి. పక్క షెడ్డు పెయింటరు తన చుట్టాన్ని చూడబోయి చూశాడట. తెల్లచొక్కా వేసుకుని నర్సమ్మ మంచం పక్కన నిలబడి, క్షమించమ్మా అని అడుగుతున్నాడట. మర్నాటికి అడిగిన సంగతి గుర్తుండదు. మళ్ళీ ఎవరో చెప్తారు, మళ్ళీ చొక్కా వేసుకుంటాడు, మళ్ళీ వెళ్తాడు.

"ఆవిడ కూడా రోజూ మొదటిసారి విన్నట్టే వింటోందట, పాపం" అన్నాడు పెయింటరు.

బుధవారం

స్టిక్కు చూడలేదు.

గురువారం

నిన్న రాసింది కొట్టేద్దామని తెరిచాను. కొట్టేయలేదు.

స్టిక్కు చూడలేదు. గుడ్డ చూశాను, నాన్న మళ్ళీ మర్చిపోయాడులే అనుకున్నాను, పోశాను. ఒక్కసారి లాగి ఉంటే స్టిక్కు తడిగా వచ్చేది. చిటికెలో పని. ఆయన వెనకాల సర్దీ సర్దీ, ఆయనొక పని సరిగ్గా చేసి ఉంటాడన్న ఊహే నాకు రాలేదు. గుడ్డ ఉందంటే పని పూర్తి కాలేదనే గానీ, ఆయిల్ పోయలేదని కాదు. నాకు తెలియని సంగతా అది?

ఇంకా ఉంది. "వేడిమీద చూడలేదే ఇంకా" అన్నప్పుడే నాకు అర్థమైంది. పోయడం అయింది, చూడటమొక్కటే మిగిలింది అని. ఫోను నా చేతిలోనే ఉంది. కారు ఇంకా ఎత్తురోడ్డు దాకా వెళ్ళి ఉండదు. చేస్తే నాన్న ఎదురుగా చేయాలి. ఇన్నాళ్ళూ ఆయన పని నేను చేస్తున్నానని ఆయన ముందే బయటపడుతుంది. అందుకని టీ చల్లారేదాకా కూర్చున్నాను.

నాన్న కోసమే అని రాయబోయాను. ఇప్పుడు రాయను.

శుక్రవారం

భోజనం చేస్తూ నాన్నకి చెప్పేశాను. "నర్సమ్మ కారులో రెండోసారి పోసింది నేను. నువ్వు ఒక్కసారే పోశావు."

ఆయన ఎడమచెయ్యి నా తలమీద పెట్టాడు.

"నువ్వు నా వెనకాల సర్దుతున్నావని నాకు తెలుసే. నేను బిగించని బోల్టు బిగిసి ఉంటే నాకు తెలీదనుకున్నావా? అందుకే ఆవిడ బండి నేనొక్కణ్ణే చేస్తానన్నాను. ఒక్కటైనా నా చేత్తో చేద్దామని. దాన్నే పాడుచేశాను. ఇప్పుడిది కూడా నీ నెత్తిన వేసుకుంటున్నావా, పిచ్చిమొహమా?"

ఆయనకి ఏవి గుర్తుంటాయో, ఏవి పోతాయో ఎవరూ చెప్పలేరు. నేను సర్దిన సంగతి ఉంది. తను సరిగ్గా పోసిన సంగతి పోయింది. నిజమే చెప్తున్నానని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. "ఊరుకోవే, తిను" అన్నాడు.

సాయంత్రానికి నాకు ఇంకొకటి తట్టింది. చెప్పుకోవడానికి మర్చిపోయే మనిషినే వెతుక్కున్నాను.

సోమవారం

ఆసుపత్రికి వెళ్ళాను. దుప్పటి ఒకవైపు కింది సగం చదునుగా ఉంది. మొదట అటు చూడకుండా చెప్పాను. తర్వాత చూస్తూ చెప్పాను. స్టిక్కు సంగతి, ఫోను సంగతి, అన్నీ.

నర్సమ్మ కిటికీవైపు చూస్తూ విన్నది.

"అప్పుడు ఫోను చేసి ఉంటే పక్కకి ఆపుకునేదాన్ని కదా?"

"అవును నర్సమ్మా."

"మీ నాన్న రోజూ వస్తాడు. మీ తప్పు కాదులెండి మేస్త్రిగారూ అని రోజూ చెప్తాను. మంచానున్నదాన్ని, ముసలాయన్ని ఏడిపించడం ఎందుకని అబద్ధం చెప్తున్నాననుకున్నాను. ఇన్నాళ్ళూ నిజమే చెప్పానన్నమాట."

నేను ఏడుస్తుంటే ఆవిడ ఏడవలేదు. నన్ను ఊరుకోబెట్టనూ లేదు.

"నిన్ను నా ఈ చేతుల్లోకే తీసుకున్నానే" అంది. దుప్పటి సర్దుకుని, "ఆయన్ని రానీ. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ రాకు" అంది.

బయటికొచ్చి ఇన్‌స్పెక్టరుకి ఫోను చేసి చెప్పాను. ఆఫీసుకొచ్చి రాసి సంతకం పెట్టమన్నాడు. పెడతాను. తర్వాత అక్కకి చెప్పాను. విని ఫోను పెట్టేసింది.

బుధవారం

నా పనిచొక్కాలు అన్నీ బకెట్లో వేస్తున్నాను. నాన్న ఊరికే కూర్చోలేక జేబులు వెతికి ఇస్తున్నాడు. నట్లు, వాషర్లు, అరిగిపోయిన పెన్సిలు. ఆఖర్న ఎర్రగుడ్డ.

"ఇది నీ జేబులో ఉందేంటే?"

"నర్సమ్మ కారుది. ఆ రోజు నేనే విప్పాను."

గుడ్డని వేళ్ళకి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. "నేనైతే మేకుకి తగిలిస్తాను."

"అవును."

"వేడిమీద చూడకుండా విప్పను."

"విప్పవు నాన్నా."

"అంటే వేడిమీద చూడటం మిగిలుంది. మధ్యలో నువ్వు విప్పావు." కళ్ళు చిన్నవి చేసి ఆలోచిస్తున్నాడు. బాక్సులో ఏ పన్ను విరిగిందో చెవితో విని పట్టుకునేటప్పుడు అలాగే ఉంటాడు. "నువ్వే పోసి, నువ్వే విప్పావా?"

మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. ఈసారి ఊరుకోవే అనలేదు. చివరిదాకా విన్నాడు. గుడ్డ చేతిలో ఉంది కాబట్టి నమ్మాడు. చిన్నప్పటి దెబ్బ లాంటిది ఇంకొకటి పడుతుందని తల వంచుకున్నాను. పడితే బాగుండనిపించింది.

"అయితే నేను సరిగ్గానే పోశానా?" అన్నాడు.

నేను తలెత్తాను.

"మర్చిపోలేదా నేను?"

"మర్చిపోలేదు నాన్నా. ఎంత కారిందో అంతే పోశావు."

అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఆ మొహం వెలిగిపోయింది. షట్టరు ఎత్తినప్పటి మొహం అది. ఇన్నాళ్ళూ దాన్ని కాపాడుతున్నాననుకుంటూ, దాన్నే ఆయన దగ్గర్నుంచి లాక్కుని నా జేబులో పెట్టుకు తిరిగాను. ఏడుపు ఆగలేదు.

కాసేపటికి ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆవిడ కాలు పోయింది కదే" అన్నాడు. "దానికేం చేస్తావు?"

"తెలియదు నాన్నా."

"నాకూ తెలియదే" అన్నాడు. బకెట్లో నీళ్ళు నల్లబడేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

గురువారం

పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పాలవాడు చెప్పినట్టున్నాడు. "నర్సమ్మ కాలు నావల్లే పోయిందటగా. నా చేత్తోనేనట" అన్నాడు.

కూర్చోబెట్టి, ఎర్రగుడ్డ చేతిలో పెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.